టీఎంటీలో గుండె లయ తప్పితే: పాఠకుల ప్రశ్నలు, హృద్రోగ నిపుణుల జవాబులు

టీఎంటీ (ట్రెడ్‌మిల్ బెల్టు మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) చేయించుకుని వచ్చినవాళ్లను ఇంట్లో అడిగేది ఒకటే మాట: పాజిటివా, నెగెటివా? గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఉందేమో సూచించే ఎస్‌టీ గీత గురించిన మాట అది. అదే కాగితాల్లో గుండె లయ గురించి కూడా బోలెడు సమాచారం ఉంటుంది. దాన్ని ఓపిగ్గా చదివేవాళ్లు తక్కువ. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ చదవని భాగం గురించే.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గుంటూరులో మిర్చి వ్యాపారం. బీపీకి టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. హెల్త్ చెకప్ ప్యాకేజీలో టీఎంటీ చేశారు, 9 నిమిషాలు నడిచాను. రిపోర్టులో 'నెగెటివ్' అని రాసి, కింద చిన్న అక్షరాల్లో 'రికవరీలో తరచుగా వీపీసీలు, ఒక కప్లెట్' అన్నారు. అడిగితే 'అందరికీ వస్తాయి, ఏం ఫర్వాలేదు' అన్నారు. నిజంగా ఫర్వాలేదా?

— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 'అందరికీ వస్తాయి' అన్నది సగమే నిజం. మిగతా సగం మీ రిపోర్టులోని 'రికవరీలో' అన్న మాటలో ఉంది.

గుండె కొట్టుకోవడానికి ఆజ్ఞ పైగదిలోని సైనస్ నోడ్ నుంచి రావాలి. ఆ ఆజ్ఞ రాకముందే కింది గదుల్లో ఏదో ఒక చోటు తొందరపడి కొట్టే బీటే వీపీసీ. ఈసీజీలో అది పక్క బీట్లకంటే వెడల్పుగా, వేరే ఆకారంలో కనపడుతుంది. దాని వెనక కాస్త విరామం వస్తుంది. ఆ విరామంలో గుండెలో రక్తం ఎక్కువ నిండి, తర్వాతి బీటు బలంగా పడుతుంది. 'గుండె ఒక్క క్షణం ఆగి ధబ్‌మని కొట్టింది' అని చాలామంది చెప్పేది ఆ తర్వాతి బీటు గురించే. వీపీసీలు రెండు వరసగా వస్తే కప్లెట్. మూడు లేదా అంతకుమించి వరసగా, నిమిషానికి 100 దాటిన వేగంతో వస్తే వీటీ. అది 30 సెకన్లలోపు దానంతటదే ఆగితే ఒక సంగతి, 30 సెకన్లు దాటినా ఆగకపోయినా, ఈలోపే బీపీ పడిపోయినా మరో సంగతి.

టీఎంటీలో వీపీసీ కనపడితే మేం ముందు చూసేది అది ఎప్పుడు వచ్చిందన్నదే. బెల్టు ఎక్కకముందు ఉండి, నడక జోరందుకునేసరికి మాయమయ్యేవి ఎక్కువమందిలో హాని చేయనివే. సైనస్ నోడ్ వేగం పెరిగేకొద్దీ ఆ తొందరపాటు చోటుకు సందు దొరకదు. (మాయమయ్యాయి కాబట్టి గుండెలో ఏ లోపమూ లేదని మాత్రం అనుకోకూడదు. గుండె స్కానింగ్ అయిన ఎకో చేయించాల్సిందే.) నడక పెరిగేకొద్దీ పెరిగే వీపీసీలు వేరే రకం. వాటి వెనక ఆడ్రినలిన్ ఉండొచ్చు, గుండె కండరానికి రక్తం చాలకపోవడం ఉండొచ్చు, కండరంలో పాత మచ్చ ఉండొచ్చు.

ఇక రికవరీ. బెల్టు ఆగిన మొదటి రెండు మూడు నిమిషాల్లో ఒంట్లో జరిగేది చాలా ఉంది. కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి నెట్టడం ఆపేస్తాయి, రక్తం కాళ్లలో నిలుస్తుంది, బీపీ జారుతుంది. నడిచేటప్పుడు కండరాల్లోంచి రక్తంలోకి వచ్చిన పొటాషియం గబగబా వెనక్కి పోతుంది. ఆడ్రినలిన్ జాతి రసాయనాలు మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటాయి. సరిగ్గా అప్పుడే వేగస్ నరం బ్రేకు వేసి గుండెను నెమ్మదింపజేయాలి. ఆ బ్రేకు బాగా పనిచేసేవాళ్లలో ఈ గందరగోళం సద్దుమణుగుతుంది. పనిచేయనివాళ్లలో వీపీసీలకు అదే అదను.

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ వైద్యులు 29 వేల మందికి పైగా టీఎంటీ ఫలితాలను సగటున అయిదేళ్లకు పైగా గమనించి 2003లో ప్రచురించారు. రికవరీలో వీపీసీలు తరచుగా వచ్చినవాళ్లలో అయిదేళ్లలో మరణాలు 11 శాతం, రానివాళ్లలో 5 శాతం. నడుస్తున్నప్పుడు వచ్చిన వీపీసీల కంటే ఆగాక వచ్చినవే గట్టి హెచ్చరిక అని తేలింది. అందులో 'తరచుగా' అంటే నిమిషానికి 7 లేదా అంతకుమించి, లేదా కప్లెట్లు, లేదా బీటు విడిచి బీటు వీపీసీ రావడం, ఇంకా పెద్ద లయ దోషాలు. మీ రిపోర్టులో కప్లెట్ ఉంది కాబట్టి మీరు ఆ గుంపులోకే వస్తారు.

ఇది చదివి కంగారు పడకండి. ఆ పరీక్షకు వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే గుండె సమస్య అనుమానంతో వచ్చినవాళ్లు. వీపీసీలే వాళ్ల ప్రాణం తీశాయని కూడా దానర్థం కాదు. కారుకు హెచ్చరిక దీపం వెలిగిందంటే ఇంజను చూడమని, అంతే. మీ విషయంలో ఇంజను చూడటం అంటే ఇవి:

ముందుగా రక్తంలో పొటాషియం, మెగ్నీషియం. క్లోర్‌థాలిడోన్ ఈ రెండింటినీ మూత్రంలోకి వదిలేస్తుంది. పొటాషియం 3.5 పైన ఉంటే ల్యాబు కాగితం 'నార్మల్' అంటుంది కానీ, వీపీసీలున్న మనిషికి 4 పైన ఉంటే మాకు నిశ్చింత. ఎంతోమందిలో బీపీ మాత్ర మార్చడంతోనే వీపీసీలు తగ్గుతాయి. పొటాషియం మాత్రలు, సిరప్పు సొంతంగా కొనుక్కుని తాగొద్దు. మీరు వాడే టెల్మిసార్టాన్ పొటాషియాన్ని పెంచే రకం. రెండూ కలిస్తే అది హద్దు దాటొచ్చు, అది కూడా గుండె లయకే ప్రమాదం. వీటితోపాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

తర్వాత ఎకో. గుండె పంపింగ్ 55 శాతం పైన ఉండి, గోడలన్నీ సమంగా కదులుతుంటే సగం భయం పోయినట్టే. మూడోది హోల్టర్, 24 గంటలూ ఒంటికి కట్టి ఉంచి ఈసీజీ రికార్డు చేసే చిన్న మెషీను. రోజుకు గుండె సుమారు లక్షసార్లు కొడుతుంది. అందులో వీపీసీలు కొన్ని వందలుంటే ఒకలా, 10 వేలు దాటితే ఇంకోలా చూస్తాం. మొత్తంలో 10 శాతం మించితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ బీట్లే గుండె కండరాన్ని బలహీనపరచే అవకాశం ఉంది. ఎకోలో లోపం కనపడినా, వీపీసీలు రకరకాల ఆకారాల్లో వస్తున్నా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నా గుండె ఎంఆర్ఐ అవసరం. మీకు బీపీ ఉంది. షుగరో, పొగతాగే అలవాటో కూడా ఉంటే టీఎంటీ నెగెటివ్ అన్నంత మాత్రాన రక్తనాళాల సంగతి తేలిపోయినట్టు కాదు. సీటీ యాంజియో గురించి అడగండి.

ఇంకో అంకె మీ రిపోర్టులోనే ఉంటుంది, వెతకండి. బెల్టు మీద చేరిన గరిష్ఠ గుండె వేగం ఎంత, ఆపిన సరిగ్గా ఒక నిమిషానికి ఎంత? నెమ్మదిగా నడుస్తూ చల్లబడే పద్ధతిలో ఆ తేడా 12 బీట్లు లేదా అంతకంటే తక్కువ అయితే వేగస్ బ్రేకు సరిగా పడటం లేదని అర్థం. 160 నుంచి నిమిషంలో 135కి దిగితే బాగున్నట్టు, 152 దగ్గరే ఉంటే బాగోనట్టు. రోజూ నడక మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో ఈ అంకె మెరుగవడం చాలామందిలో చూస్తాం.

చివరగా ఒక మనవి. వీపీసీలను 'మాయం చేసే' మాత్రల కోసం తొందరపడకండి. గుండెపోటు వచ్చినవాళ్లలో వీపీసీలను అణిచేస్తే ప్రాణాలు నిలుస్తాయన్న నమ్మకంతో 1980లలో కాస్ట్ అనే పెద్ద అధ్యయనం చేశారు. ఫ్లెకనైడ్, ఎన్‌కనైడ్ ఇస్తే వీపీసీలు నిజంగానే తగ్గాయి, కానీ మరణాలు పెరిగాయి. ఆ మందులిచ్చిన భాగాన్ని 1989లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. గుండె గట్టిగా ఉండి, బాధ లేకపోతే చాలామందికి మందే అక్కర్లేదు. దడ బాధిస్తుంటే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ చాలు. అన్నీ ఒకే చోటు నుంచి వస్తూ లెక్క మరీ ఎక్కువైతే ఆ చోటును క్యాథెటర్‌తో కాల్చేసే అబ్లేషన్ ఉంది.

ప్రశ్న: వరంగల్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో టీఎంటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఎండాకాలంలో పేషెంటుకు చెమట పట్టాక స్క్రీన్ మీద గీత అచ్చం వీటీలాగా వస్తుంది. రెండుసార్లు వీటీ అనుకుని బెల్టు ఆపేశాను, తీరా చూస్తే ఎలక్ట్రోడ్ ఊడింది. నిజం వీటీని ఎలా గుర్తుపట్టాలి? వస్తే ముందేం చేయాలి?

— ఒక టెక్నీషియన్, వరంగల్

జవాబు: అనుమానంతో బెల్టు ఆపారు, మంచి పనే చేశారు. ఆపిన పరీక్షను మళ్లీ చేయొచ్చు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొదట చర్మం సంగతి. తప్పుడు గీతల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయని మీకూ తెలిసే ఉంటుంది. వెంట్రుకలుంటే గీయాలి. పౌడరు, కొబ్బరినూనె, ఒంటి చెమట పోయేదాకా స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉండగా అంటిస్తే అయిదు నిమిషాల్లో జారుతుంది. ఆరాక సన్నటి గరుకు కాగితంతో ఎలక్ట్రోడ్ పెట్టే చోట రెండుమూడుసార్లు మృదువుగా రుద్దండి, చర్మం కొద్దిగా ఎర్రబడితే చాలు. ఎలక్ట్రోడ్ మధ్యలోని జెల్ ఎండిపోయి ఉంటే పారేయండి. విప్పిన ప్యాకెట్‌ను ఏసీ గదిలో మూత లేకుండా వదిలేస్తే మర్నాటికి అది ఎండిపోతుంది. అంటించాక ఒక్కో ఎలక్ట్రోడ్ మీద వేలితో తట్టి చూడండి. గీత ఎగిరిందంటే ఆ ఒక్కటి మార్చాలి. తీగల కట్టను నడుముకు బిగించి కట్టండి, ఊగే తీగే సగం అల్లరి చేస్తుంది.

చేతుల ఎలక్ట్రోడ్లు ట్రెడ్‌మిల్ మీద మణికట్టుకు పెట్టరు, భుజం దగ్గర కాలర్ ఎముక కింది పల్లంలో పెడతారు. కాళ్లవి పక్కటెముకల అంచుకూ తుంటి ఎముకకూ మధ్య పొట్ట మీద. దీన్నే మేసన్–లికార్ పద్ధతి అంటారు, 1966 నుంచి వాడుకలో ఉంది. దీనివల్ల ఈసీజీ ఇరుసు కాస్త కుడివైపు జరుగుతుంది, పాత గుండెపోటు తాలూకు క్యూ గీతలు మరుగున పడొచ్చు. అందుకే పడుకోబెట్టి, చేతులకు కాళ్లకు పెట్టి తీసిన మామూలు ఈసీజీ ఒకటి ముందే ఫైల్లో ఉండాలి. ఆడవాళ్లకు చీరమీద కుదరదు, చుడీదారో ట్రాక్‌ప్యాంటో వేసుకు రమ్మని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. గీత వీటీలా కనపడగానే మూడు చోట్ల చూడండి. పన్నెండు లీడ్లలోనూ (గుండెను ఒక్కో కోణంలోంచి చూపే గీతల్లోనూ) అలాగే ఉందా, కొన్నింటిలోనేనా? ఒక్క ఎలక్ట్రోడ్ ఊడితే దానితో సంబంధం లేని లీడ్లలో మామూలు బీట్లు కనపడుతూనే ఉంటాయి. రెండోది, ఆ పిచ్చిగీత మధ్యలో ముందున్న వేగంతోనే సన్నటి మొనలు వరసగా నడుస్తున్నాయా? డివైడర్‌తోనో కాగితం అంచు మీద గుర్తులు పెట్టుకునో కొలిస్తే దొరుకుతాయి. దొరికితే అది అల్లరి గీతే. మూడోది, పేషెంటు. వేలికి పల్స్ ఆక్సిమీటర్ తొడిగి ఉంటే అందులో అల ఎప్పటిలా కొట్టుకుంటోందా, మీతో మాట్లాడుతున్నాడా? అయితే ఒక జాగ్రత్త. నిజమైన వీటీ వచ్చినా మొదటి కొన్ని సెకన్లు నవ్వుతూ మాట్లాడేవాళ్లున్నారు. మాట్లాడుతున్నాడు కాబట్టి వీటీ కాదని ఎప్పుడూ తేల్చకండి.

మీరు స్క్రీన్ మీద చూసే గీతల్లో ఒక మోసం ఉంది. మెషీను చాలా బీట్లను కలిపి సగటు తీసి, నున్నటి బీటు ఒకటి చూపిస్తుంది. ఎస్‌టీ కొలవడానికి అది బాగుంటుంది. కానీ ఆ లెక్కలో వీపీసీలను మెషీను పక్కన పడేస్తుంది. లయ కోసం ఎప్పుడూ సగటు తీయని అసలు గీతనే చూడాలి. ఏ వీపీసీ, ఏ కప్లెట్ కనపడినా ఆ క్షణానే ప్రింట్ బటన్ నొక్కండి, సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో. 'వీపీసీలు వచ్చాయి' అని రాసిన మాట కంటే ఆ పదంగుళాల కాగితం డాక్టరుకు వందరెట్లు విలువైనది. దాన్ని రిపోర్టుకు పిన్ను చేసి ఇవ్వండి.

నిజమైన వీటీ అయితే: వెంటనే బెల్టు ఆపి మనిషిని పట్టుకోండి, పడిపోవడం వల్ల తలకు తగిలే దెబ్బ కూడా ప్రమాదమే. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి డాక్టరును కేకేయండి. మెడ దగ్గర నాడి చూడండి, 10 సెకన్లకు మించొద్దు. నాడి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఇంకొకరు డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు అంటించి షాక్ ఇవ్వాలి, కంపెనీ చెప్పిన శక్తితో. అది తెలియకపోతే ఆ మెషీనులో ఉన్న గరిష్ఠ శక్తితో. విఎఫ్‌లో (కింది గదులు కొట్టుకోకుండా ఊరికే వణికే స్థితి) సింక్ బటన్ (షాక్‌ను బీటుతో జతకలిపేది) వేసి ఉంటే మెషీను షాక్ ఇవ్వకుండా ఊరుకుంటుంది, అది ఆపి ఉందో లేదో చూడండి. నాడి ఉండి, బీపీ పడిపోయి, మత్తుగా ఉంటే సింక్ వేసిన షాక్. నాడి, బీపీ, తెలివి మూడూ బాగుంటే పన్నెండు లీడ్ల ఈసీజీ తీసి, సూది పెట్టి, డాక్టరు చెప్పినట్టు అమియోడరోన్ 150 మి.గ్రా. 10 నిమిషాలపాటు. మీ గదిలో డీఫిబ్రిలేటర్‌ను ప్రతి ఉదయం ఛార్జ్ చేసి పరీక్షించిన సంతకం లేకుండా మొదటి పేషెంటును ఎక్కించొద్దు. డాక్టరు కేక వినపడే దూరంలో లేని రోజున టీఎంటీ చేయనని చెప్పే హక్కు మీకుంది, చెప్పండి.

టీఎంటీలో మరణం సుమారు 10 వేల పరీక్షల్లో ఒకటి అన్నది 1971 నుంచీ పుస్తకాల్లో ఉన్న అంకె. తక్కువే. ఆ ఒక్కటి ఏ రోజు వస్తుందో తెలియదు కాబట్టే ఇంత చెప్పడం.

రికవరీని మాత్రం తెగ్గొట్టకండి. బయట పదిమంది కూర్చున్నారని మూడో నిమిషానికే తీగలు పీకేయడం చాలాచోట్ల జరుగుతోంది. కనీసం 6 నుంచి 8 నిమిషాలు, గుండె వేగం, ఎస్‌టీ, బీపీ మొదటి స్థాయికి దగ్గరపడేదాకా ఉంచాలి. పై గుంటూరు పాఠకుడి కప్లెట్ కాగితం మీదకు వచ్చిందంటే ఎవరో ఓపిగ్గా చూశారు కాబట్టే.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. స్కూల్లో పరుగు పందెంలో ఒకసారి, స్విమ్మింగ్‌పూల్లో ఒకసారి స్పృహ తప్పింది. ఈసీజీ, ఎకో బాగున్నాయన్నారు. ఫిట్స్ అని మాత్రలిచ్చారు. మా చుట్టాల్లో డాక్టరుగారు టీఎంటీ చేయించమంటున్నారు. ఇంత చిన్నపిల్లకు టీఎంటీనా?

— ఒక తల్లి, కాకినాడ

జవాబు: అవునమ్మా, చేయించాలి. ఈ వారంలోనే. అప్పటిదాకా పరుగు, ఈత, పోటీలు ఆపేయండి. స్నానాల గదిలో గడియ పెట్టుకోనివ్వకండి.

కూర్చున్నప్పుడో నిలబడినప్పుడో కళ్లు తిరిగి పడే పిల్లలు ఎక్కువమందే, వాళ్లలో చాలామందికి గుండె జబ్బు ఉండదు. పరిగెత్తుతూ, ఈదుతూ పడిపోవడం అలాంటిది కాదు. గుండె ఆకారం, విశ్రాంతిలో తీసిన ఈసీజీ రెండూ బాగున్నా, శ్రమలో మాత్రమే బయటపడే రెండు జన్యు జబ్బులను ముందు వెతకాలి.

ఒకటి సీపీవీటీ. గుండె కణాల్లో కాల్షియంను పట్టి ఉంచే తలుపు, ఎక్కువగా ఆర్‌వైఆర్2 అనే జన్యువులో లోపం వల్ల, ఆడ్రినలిన్ పెరగగానే కారుతుంది. టీఎంటీలో ఇది మెట్లు మెట్లుగా కనపడుతుంది: గుండె వేగం 110, 120 దాటేసరికి ఒక్కో వీపీసీ, ఇంకాస్త వేగానికి బీటు విడిచి బీటు, తర్వాత జంటలు, ఆపైన ఒకటి పైకి ఒకటి కిందికి తిరిగే రెండు దిక్కుల వీటీ. ఆపి కూర్చోబెట్టగానే అదే క్రమంలో వెనక్కి పోతుంది. అందుకే ఇది మామూలు ప్యాకేజీ టీఎంటీ కాదు. గుండె లయ నిపుణులు పక్కనే ఉండి, జంటలు కనపడగానే ఆపే పరీక్ష.

రెండోది లాంగ్ క్యూటీ, అంటే ప్రతి బీటు తర్వాత గుండె విద్యుత్తుపరంగా మళ్లీ సిద్ధమవడానికి ఎక్కువ సమయం పట్టే జబ్బు, ముఖ్యంగా ఈతలో పడిపోయే ఒకటో రకం. ఇక్కడ కూడా రికవరీయే చెబుతుంది. ఆపిన నాలుగో నిమిషంలో గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ విరామం 480 మిల్లీసెకన్లు లేదా ఎక్కువ ఉంటే అనుమానం బలపడుతుంది. నాలుగో నిమిషం దాకా తీగలు ఉంచమని మీరే అడగండి, గీతలన్నీ కావాలని అడిగి తీసుకోండి.

ఏది తేలినా మందు ఉంది. బీటా బ్లాకర్ ప్రధానం. నాడొలాల్‌కు మొదటి పీట, దొరకని చోట ప్రొప్రానొలాల్. సీపీవీటీలో అది చాలకపోతే ఫ్లెకనైడ్ కలుపుతారు. గుంటూరు పాఠకుడికి వద్దని చెప్పిన మందే ఇది. మచ్చలు లేని గుండెలో, ఈ జబ్బులో, అది మేలు చేస్తుంది. ఒక్కపూట మాత్ర మానినా ప్రమాదమే, కాబట్టి ఊరెళ్లేటప్పుడు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి. లాంగ్ క్యూటీ అయితే అజిత్రోమైసిన్, డోంపెరిడోన్, ఓండన్‌సెట్రాన్ లాంటి మామూలు జ్వరం, వాంతుల మందులు కూడా క్యూటీని ఇంకా పెంచుతాయి. ఆ పేర్ల చీటీ స్కూల్లో, ఇంట్లో, మీ దగ్గర ఉండాలి. మీ ఇద్దరికీ, తోబుట్టువులకూ కూడా పరీక్షలు జరగాలి. ఫిట్స్ మాత్రలను మీ అంతట మీరు ఆపేయకండి, టీఎంటీ గీతలు పట్టుకుని ఆ న్యూరాలజిస్టునే కలవండి.

ప్రశ్న: 61 ఏళ్లు, హైదరాబాద్. మెటోప్రొలాల్ 50 వాడుతున్నాను. టీఎంటీలో 8 నిమిషాలు నడిచి ఇక నావల్ల కాదన్నాను. గుండె వేగం 68 నుంచి 128 వరకే వెళ్లింది. 'టార్గెట్ చేరలేదు, ఏమీ తేల్చలేం' అని రాశారు. గుండె బలహీనమా?

— ఒక రిటైర్డ్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మాత్ర చేసిన పని అది. 220లోంచి వయసు తీస్తే మీకు 159. అందులో 85 శాతం 135, దాన్నే టార్గెట్ అన్నారు. ఇంకో లెక్క ఉంది. మీ విశ్రాంతి వేగం 68 నుంచి 159 దాకా గుండె పెరగగలిగిన మేర 91 బీట్లు. మీరు వాడుకున్నది 60, అంటే 66 శాతం. మాత్ర లేనివాళ్లలో ఇది 80 శాతం దాటాలి. బీటా బ్లాకర్ మీద ఉన్నవాళ్లకు 62 దాటితే సరి. మీరు దాటారు.

పరీక్ష దేనికోసం చేయించారన్నది ముఖ్యం. రక్తనాళాల్లో అడ్డంకి ఉందా అని కొత్తగా తెలుసుకోవడానికైతే డాక్టరు చెప్పినట్టు ఒకటి రెండు రోజుల ముందు మాత్ర ఆపి మళ్లీ చేస్తారు. మందు దడను అదుపులో ఉంచుతోందా అని చూడటానికైతే మాత్ర వేసుకునే నడవాలి. డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి, గుండె వేగం, బీపీ ఎదురు తిరిగి ఛాతీనొప్పి వచ్చినవాళ్లు ఉన్నారు. అన్నట్టు, పరీక్షలో ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకున్నారా? పట్టుకుంటే 8 నిమిషాలు నిజంగా 8 కావు. వేళ్లు ఆనించాలి, అంతే.

ప్రశ్న: 46 ఏళ్లు, నెల్లూరు. టీఎంటీ మూడో స్టేజీలో గుండె వేగం 142 నుంచి ఒక్కసారిగా 195కి ఎగిరి, 20 సెకన్లుండి మళ్లీ 140కి వచ్చింది. నాకు ఎప్పటినుంచో అప్పుడప్పుడు దడ వచ్చి టక్కున ఆగిపోతుంటుంది. టెన్షన్ అంటారు అందరూ.

— ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: టెన్షన్ దడ మెల్లగా పెరిగి మెల్లగా దిగుతుంది. స్విచ్ వేసినట్టు వచ్చి, స్విచ్ ఆపినట్టు పోయేది ఎస్‌వీటీ, గుండెలో ఒక అదనపు దారిలో విద్యుత్తు గిర్రున తిరగడం. టీఎంటీ మీకు మేలే చేసింది, ఇన్నాళ్లూ దొరకని గీత దొరికింది. ఆ 20 సెకన్ల కాగితం, మామూలు ఈసీజీ రెండూ పట్టుకుని గుండె లయ నిపుణుణ్ని కలవండి. ఆ గీతలో బీట్లు సన్నగా, సమాన దూరంలో ఉంటే ఎస్‌వీటీ. వెడల్పుగా ఉంటే వీటీ కాదని తేల్చాలి. ఎగుడుదిగుడు దూరంలో ఉంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పైగదులు అదుపు లేకుండా వణకడం), దానికి రక్తం గడ్డకట్టకుండా మందు అవసరమా అన్న వేరే లెక్క ఉంటుంది.

ఎస్‌వీటీయే అని నిపుణులు తేల్చాక, ఇంట్లో దడ వచ్చినప్పుడు ఇలా చేయండి: వెనక్కి ఆనుకుని కూర్చుని, 10 మి.లీ. సిరంజి మూతి నోట్లో పెట్టుకుని లోపలి పిస్టన్ కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకోవాలి, పక్కనున్నవాళ్లు రెండు కాళ్లనూ ఏటవాలుగా పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో ఇలా చేసినవాళ్లలో 43 శాతం మందికి దడ ఆగింది, కూర్చుని ఊరికే ఊదినవాళ్లలో 17 శాతం మందికే. ఆగకపోయినా, కళ్లు చీకట్లు కమ్మినా 108కి ఫోన్ చేయండి. శాశ్వతంగా వదిలించుకోవాలంటే అబ్లేషన్, ఎక్కువ రకాల ఎస్‌వీటీల్లో నూటికి 95 మందికి ఒక్కసారితో సరిపోతుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. విజయవాడలో ఉన్న నాన్నగారికి 72. మెట్లెక్కుతుంటే రెండుసార్లు కళ్లు తిరిగి కూలబడ్డారు. గుండెలో మర్మర్ (బీట్ల మధ్య అదనపు చప్పుడు) ఉందన్నారు. ఆన్‌లైన్లో టీఎంటీ బుక్ చేశాం, రేపే. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రద్దు చేయండి. మర్మర్‌తో పాటు శ్రమలో కళ్లు తిరగడం అంటే బృహద్ధమని కవాటం బాగా సన్నబడి ఉండొచ్చు. ఆ స్థితిలో బెల్టు ఎక్కిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పొచ్చు. బాధలున్న తీవ్రమైన కవాటం జబ్బులో టీఎంటీ చేయకూడదు. రేపు ఆయన్ను తీసుకెళ్లాల్సింది ఎకోకి, గుండె డాక్టరు దగ్గరకు. వెంట ఎవరో ఒకరు వెళ్లాలి, మెట్లు లేకుండా లిఫ్టున్న చోటికి.